కౌంటర్ దగ్గర వెనక్కి తీసే సరుకులు

సంపాదకులకు నమస్కారం.

పెరిగిన ధరల్లో ఇల్లు ఎలా నడుపుకోవాలో చెబుతూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. జాబితా రాసుకుని వెళ్ళండి, ఆకలి మీద షాపుకు వెళ్ళకండి, ఆఫర్లు చూసి మోసపోకండి అని చెప్పారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఖర్చు పెరగడానికి కారణం కొనేవాళ్ళ అజాగ్రత్తే అన్నట్టుగా రాసిన ఆ తీరు నన్ను బాధపెట్టింది. నేను 7 ఏళ్ళుగా ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. డ్యూటీ దిగాక అదే షాపులో మా ఇంటికి కావలసినవి కొనుక్కుని వెళ్తాను. అందుకే ఈ ధరల సంగతి నాకు కౌంటర్‌కు రెండు వైపుల నుంచీ తెలుసు.

ఇదివరకు నేను సరుకులు స్కాన్ చేస్తుంటే జనం ఫోన్ చూసుకుంటూనో, పక్కవాళ్ళతో మాట్లాడుతూనో ఉండేవారు. బిల్లు చేతికి ఇచ్చాక ఎంతయిందో చూసుకునేవారు. ఇప్పుడు మొదటి వస్తువు నుంచీ స్క్రీన్ వైపే చూస్తున్నారు. బీప్ అన్నప్పుడల్లా కళ్ళు అంకె మీదికి వెళ్తాయి. కొందరి పెదవులు మెల్లగా కదులుతుంటాయి, మనసులో కూడుకుంటూ ఉంటారు. ఒక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పైకి లేస్తుంది. "ఇక్కడ ఆపమ్మా, ఇది వద్దులే" అంటారు.

ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. స్కాన్ చేసిన వస్తువును బిల్లులోంచి తీసేసే అధికారం మాకు ఉండదు. సూపర్‌వైజర్ వచ్చి తన కార్డు గీకాలి. ఆయన షాపులో ఏ మూలనో ఉంటాడు. నేను బెల్లు కొట్టి, వినబడకపోతే "సార్, క్యాన్సిల్" అని గట్టిగా పిలవాలి. ఆయన వచ్చేదాకా వెనక నిలబడ్డ ఆరుగురూ ముందున్న మనిషినే చూస్తారు. ఆ మనిషి మాత్రం ఎవరి వైపూ చూడరు. చేతిలో ఉన్న సంచి మడతలు సర్దుకుంటూ నిలబడతారు. అది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ నాకే ఎంతో భారంగా గడుస్తాయి, ఆ మనిషికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఈ మధ్య ఒకావిడ మూడు వస్తువులు వెనక్కి తీయించింది. మూడోసారి సూపర్‌వైజర్‌ను పిలవాల్సి వచ్చినప్పుడు, "వద్దమ్మా, పిలవకు, మొత్తం వదిలేస్తాను" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. పాలు కూడా వదిలేసి వెళ్ళింది. ఆ రాత్రంతా ఆమే గుర్తొచ్చింది. మర్నాడు మా మేనేజర్‌ను అడిగాను, ఒక బిల్లులో రెండు మూడు వస్తువుల వరకు తీసేసే అధికారం మాకే ఇవ్వమని. దొంగతనాలు జరుగుతాయన్న భయంతో ఆ నియమం పెట్టారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ప్రతి క్యాన్సిల్ సిస్టమ్‌లో నమోదవుతుంది, పైన కెమెరా ఉంటుంది. మనిషిని అందరి ముందూ నిలబెట్టకుండానే ఆ కాపలా కాయవచ్చు. చూద్దాం అని మేనేజర్ అన్నారు. ఇంకా ఏమీ మారలేదు. ఈ ఉత్తరం చదివే షాపుల యజమానులు ఎవరైనా ఉంటే ఈ ఒక్క మార్పు చేయమని వేడుకుంటున్నాను. దీనికి పైసా ఖర్చు లేదు.

నాకు ఒక ఉపాయం మా కస్టమర్ ఒక పెద్దాయన నేర్పాడు. ఆయన కౌంటర్ మీద సరుకులు ఒక వరుసలో పెడతాడు. ముందు బియ్యం, పప్పు, నూనె, పాలు. తర్వాత సబ్బులు. అన్నింటికంటే చివర బిస్కెట్లు, టీ పొడి పెద్ద ప్యాకెట్, అలాంటివి. స్కాన్ మొదలుపెట్టకముందే తన దగ్గర ఎంత ఉందో నాకు మెల్లగా చెబుతాడు. ఆ అంకె దగ్గరపడగానే నేను ఆగిపోతాను. మిగిలినవి స్కాన్ కాలేదు కాబట్టి క్యాన్సిల్ అవసరం లేదు, ఎవరినీ పిలవక్కర్లేదు. ఇప్పుడు నెలాఖరు రోజుల్లో మొహం చూసి పోల్చుకోగలిగినవాళ్ళకు నేనే నెమ్మదిగా చెబుతున్నాను, తప్పనిసరివి ముందు పెట్టమని. మీ పాఠకులకూ చెప్పండి. లెక్క ఎంతవరకు వచ్చిందో మధ్యలో అడగడానికి సిగ్గుపడవద్దని కూడా చెప్పండి. అడిగితే మాకు విసుగేమీ రాదు.

వెనక్కి ఏం తీస్తారో చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. అనవసరమైనవి తీసేస్తారు అనుకుంటారు చాలామంది. నేను చూసినంతలో ముందు పోయేవి పళ్ళు. బరువు తూచి స్టిక్కర్ వేసిన పళ్ళ కవరు పక్కకు జరుగుతుంది. తర్వాత గుడ్లు పెద్ద ట్రే బదులు చిన్నది అవుతుంది. ఆ ఇంటి ఆడమనిషి తన కోసం తీసుకున్న వస్తువు ఏదైనా ఉంటే అది తప్పకుండా పోతుంది. పిల్లాడు చేత్తో పట్టుకున్న చాక్లెట్ మాత్రం చాలాసార్లు బిల్లులోనే ఉంటుంది. దాన్ని చూసి తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. రోజంతా లేదు లేదు అని చెప్పిన తల్లి ఒక్కదానికి ఔనంటుంది, అంతే.

జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే గణాంకవేత్త 1857లోనే ఒక సంగతి చెప్పాడు. ఇంటి ఆదాయం ఎంత తక్కువైతే అందులో తిండికి పోయే వాటా అంత ఎక్కువ అని. డిగ్రీలో చదువుకున్నాను, అప్పుడు అది పరీక్షలో రాసే రెండు మార్కుల జవాబు. ఇప్పుడు రోజూ కళ్ళముందు కనబడుతోంది. తిండి ధరలు అందరికీ ఒకేలా 10 శాతం పెరిగాయనుకోండి. సంపాదనలో పదో వంతు తిండికి పెట్టేవాళ్ళకు అది సంపాదనలో 1 శాతం. సగం తిండికే పెట్టేవాళ్ళకు 5 శాతం. ఆ 5 శాతం ఎక్కడినుంచి తేవాలి? అద్దె తగ్గదు, స్కూలు ఫీజు తగ్గదు, బస్సు చార్జీ తగ్గదు. చివరికి పళ్ళ కవరు దగ్గరే తగ్గించుకోవాలి.

చవక రకానికి మారండి అని మీ వ్యాసంలో ఇంకో సలహా ఉంది. జనం ఎప్పుడో మారారు. ఇక్కడ ఒక చిక్కుంది. అల్బెర్టో కవాల్లో, ఒలెక్సీ క్రివ్‌త్సోవ్ అనే ఆర్థికవేత్తలు 10 దేశాల్లో పెద్ద షాపుల ధరలు సేకరించి 2024లో ఒక పరిశీలన బయటపెట్టారు. కోవిడ్ తర్వాతి ధరల పెరుగుదలలో ఒకే రకం సరుకులో ఖరీదైన బ్రాండ్ల కన్నా చవక బ్రాండ్ల ధరలే 1.3 నుంచి 1.9 రెట్లు వేగంగా పెరిగాయని తేల్చారు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మా షాపులో కింది ర్యాకులో ఉండే సరుకుల ట్యాగులే ఎక్కువసార్లు మార్చాల్సి వస్తుంది. అందరూ చవక రకం వైపే వస్తే దానికి గిరాకీ పెరుగుతుంది. పైగా చవక సరుకులో లాభం ముందే సన్నగా ఉంటుంది, ముడిసరుకు పెరిగితే ధర పెంచడం తప్ప దారి ఉండదు. ఖరీదైన రకం కొనేవాళ్ళు ఒక మెట్టు దిగి తప్పించుకోవచ్చు. మొదటినుంచీ కింది మెట్టు మీద ఉన్నవాళ్ళు ఎక్కడికి దిగాలి?

ఇక నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం ప్యాకెట్ల బరువు. మా చిన్నమ్మాయి ఒకరోజు బిస్కెట్ ప్యాకెట్ విప్పి, "అమ్మా, ఇందులో ఒకటి తక్కువుంది" అంది. నువ్వే తినేసి ఉంటావు అన్నాను. కాదని ఏడ్చింది. మర్నాడు షాపులో పాత స్టాకు, కొత్త స్టాకు పక్కపక్కన పెట్టి చూశాను. అదే రంగు, అదే బొమ్మ, అదే ధర. పొడవు కూడా దాదాపు అంతే. వెనక అతుకు మడత కింద చిన్న అక్షరాల్లో బరువు మాత్రం మారింది. ఇంటికొచ్చి పిల్లకు సారీ చెప్పాను. అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకుని మా ఇంటికి నెలనెలా కొనే 22 వస్తువుల బరువు రాసుకుంటున్నాను. ఏడాదిన్నరలో 6 తగ్గాయి. సీసాలైతే ఇంకా తెలియవు. ఎత్తు అంతే ఉంటుంది, అడుగున లోపలికి గుంట లోతు పెరుగుతుంది. వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

దీని లెక్క కూడా మనల్ని తికమక పెడుతుంది. ధర మార్చకుండా బరువు 10 శాతం తగ్గిస్తే, ధర 10 శాతం పెరిగినట్టు కాదు, 11 శాతం పైనే పెరిగినట్టు. కిలో ఉండేది 800 గ్రాములైతే తగ్గింది 20 శాతమే అనిపిస్తుంది, కానీ గ్రాముకు మనం ఇచ్చేది 25 శాతం పెరిగింది. ఖర్చులు పెరిగినప్పుడు ధర పెంచడాన్ని నేను తప్పు అనను. పెంచిన సంగతి ముందువైపు కనబడేలా ఉండాలి. కొనేవాళ్ళకు తెలియకుండా తగ్గించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మిగతా చోట్ల దీన్ని ఊరికే వదిలేయలేదు. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి పెద్ద షాపులు ఇలా పరిమాణం తగ్గి, కిలో, లీటరు లెక్కన ధర పెరిగిన సరుకుల పక్కన 2 నెలలపాటు ఆ సంగతి రాసిన నోటీసు పెట్టాలి. దక్షిణ కొరియాలో అదే ఏడాది ఆగస్టు నుంచి తయారీదారులు 3 నెలలపాటు వినియోగదారులకు తెలియజేయాలి, లేదంటే జరిమానా. కిలోకో లీటరుకో ఎంత పడుతుందో అమ్మే ధరతోపాటు చూపించాలని యూరోపియన్ యూనియన్ 1998లోనే ఆదేశం తెచ్చింది. ఆస్ట్రేలియాలో పెద్ద షాపులకు 2009 నుంచి ఆ నియమం ఉంది.

కిలో లెక్క ధర కనబడితే ఎంత తేడా వస్తుందో నేను రోజూ చూస్తాను. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని అందరి నమ్మకం. చాలాసార్లు నిజమే, కానీ ఎప్పుడూ కాదు. చిన్న ప్యాకెట్ మీద ఆఫర్ ఉన్న వారంలో పెద్దది కొంటే నష్టం. ఒకతను పెద్ద నూనె డబ్బా మోసుకొస్తుంటే, అదే నూనె లీటరు ప్యాకెట్లలో తక్కువ పడుతుందని చెప్పి వెనక్కి పంపాను. 5 నిమిషాల్లో ప్యాకెట్లు తెచ్చుకుని, "ముందే రాసి పెట్టొచ్చు కదమ్మా" అన్నాడు. రాసే ఉంది. ట్యాగు మూలన చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఒకచోట 100 గ్రాములకు, పక్కదానికి కిలోకు, ఇంకోదానికి ఒక్కో ముక్కకు రాసి ఉంటుంది. ట్రాలీ పట్టుకుని, చంకలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డ మనిషి ఆ మూడింటినీ ఒక లెక్కలోకి ఎలా తెచ్చుకుంటుంది? అమ్మే ధర ఎంత అక్షరంలో ఉంటుందో అందులో సగమైనా ఉండాలి, ఒక రకం సరుకంతటికీ ఒకే కొలత ఉండాలి. నేను కోరేది అంతే.

ర్యాకు మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర వచ్చిందని గొడవలు పడతారు. అది ఎలా జరుగుతుందో లోపలిమనిషిగా చెప్పాలి. మా దగ్గర ధరలు సిస్టమ్‌లో రాత్రి మారతాయి. ట్యాగులు మాత్రం పొద్దున మనుషులు ఒక్కొక్కటిగా చేత్తో మార్చాలి. మనుషులు తక్కువున్న రోజున మధ్యాహ్నం దాకా పాత ట్యాగులే ఉంటాయి. అప్పుడు వచ్చినవాళ్ళు పాత ధర చూసి తీసుకుని, కొత్త ధర కడతారు. మోసం చేయాలని ఎవరూ అనుకోరు, కానీ నష్టం మాత్రం ప్రతిసారీ కొనేవాళ్ళదే. ట్యాగు ఫోటో తీసుకుని రండి, బిల్లు కట్టాక తలుపు దాటకముందే ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే అడగండి. అడిగినవాళ్ళకు మా షాపులో తేడా తిరిగి ఇస్తారు. ట్యాగు మీది ధరకే బిల్లు వేయాలని ప్రతి షాపూ తనకు తానే నియమం పెట్టుకుంటే అడగాల్సిన అవసరమే ఉండదు.

ఇంకో మాట. ఇప్పుడు తగ్గింపు ధరలు చాలావరకు యాప్ ఉన్నవాళ్ళకే. పెద్ద అక్షరాల్లో కనబడేది ఆ ధరే. స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మ ఆ అంకె చూసి లెక్కేసుకుని వచ్చి, కౌంటర్ దగ్గర ఎక్కువ కడుతుంది. అందరికన్నా జాగ్రత్తగా లెక్కేసుకునే మనిషికే తగ్గింపు అందడం లేదు. ఫోన్ లేనివాళ్ళకు అట్టముక్క కార్డు అయినా ఇవ్వాలి.

మీ పత్రికతో కూడా నాకు ఒక పేచీ ఉంది. 'ద్రవ్యోల్బణం తగ్గుముఖం' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ రోజు పేపర్ చదివి వచ్చినవాళ్ళు నన్నడుగుతారు, "ధరలు తగ్గాయట కదమ్మా, మరి మీ దగ్గర తగ్గలేదేం?" అని. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు పెరిగే వేగం తగ్గింది. ధర తగ్గలేదు. బ్రిటన్ సంగతే చూడండి. 2023 మార్చిలో అక్కడ ఆహార ధరలు అంతకుముందు ఏడాది మీద 19 శాతం పైగా పెరిగాయి. 2024 మార్చికి ఆ పెరుగుదల 4 శాతానికి దిగింది. వినడానికి ఎంత హాయిగా ఉంది! కానీ మొదట 100 పెట్టి కొన్న సంచెడు సరుకులు 119 అయి, ఆ తర్వాత 124 దగ్గరికి చేరాయి. 100కు తిరిగి రాలేదు. ఆ ఒక్క వాక్యం వార్తలో కలపమని నా మనవి.

టోకు ధరలు దిగినా అరల మీద ఎందుకు దిగవన్నది కూడా రాయండి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ప్రపంచ ఆహార ధరల సూచీ రికార్డు స్థాయికి వెళ్ళింది. గోధుమ, పొద్దుతిరుగుడు నూనె ఎగుమతుల్లో ఆ ప్రాంతం వాటా అంత పెద్దది. తర్వాత నెలల్లో సూచీ దిగింది. కానీ ప్యాకెట్ ధరలో పంట విలువ కొంతే. రవాణా, కరెంటు, ప్యాకింగ్, జీతాలు, అద్దె అన్నీ అందులోనే ఉంటాయి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో తిండి మీద పెట్టే ప్రతి డాలరులో రైతుకు చేరేది 15, 16 సెంట్ల దగ్గరే ఉంటుంది. పంట ధర దిగినా మిగతా ఖర్చులు దిగవు. అలా దిగినప్పుడు ఎవరెంత మిగుల్చుకున్నారన్నది విలేకరులు అడగాల్సిన ప్రశ్న, కౌంటర్‌లో కూర్చున్న నేను అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేరు.

పారేసే తిండి గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు, అది రాసి ఉంటే నిజంగా పనికొచ్చేది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. ప్యాకెట్ మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. ఒకటి ఆ తేదీ దాటితే తినకూడదని చెప్పేది, పాడయ్యే సరుకుల మీద ఉంటుంది. రెండోది ఆ తేదీ వరకు రుచి, కరకర బాగుంటాయని చెప్పేది. రెండోది దాటగానే బిస్కెట్లు చెత్తబుట్టలో వేసేవాళ్ళు చాలామంది. మేం తేదీ దగ్గరపడ్డ సరుకులు సాయంత్రం వేరే ర్యాకులో తగ్గించి పెడతాం. అక్కడికి వచ్చేవాళ్ళు అటూ ఇటూ చూసి తీసుకుంటారు, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని. నేను కూడా అక్కడే కొంటాను, మా పిల్లల చేత కూడా కొనిపిస్తాను.

మీరు ప్రతి వారం సరుకుల ధరల పట్టిక వేస్తారు. వచ్చే వారం నుంచి ధర పక్కన ప్యాకెట్ బరువు, కిలోకు ఎంత పడుతుందో వేయండి. బరువు మారితే పాతదెంతో, కొత్తదెంతో కూడా వేయండి. నా నోటుబుక్కులో ఉన్న 22 వస్తువుల లెక్కా తేదీలతో సహా మీకు పంపగలను. మీ విలేకరి నెలాఖరున ఏదైనా సాయంత్రం 6 గంటల తర్వాత ఏ సూపర్‌మార్కెట్‌కైనా వెళ్ళి కౌంటర్ల పక్కన కాసేపు నిలబడాలని కూడా కోరుతున్నాను. వెనక్కి తీసిన సరుకులు వేసే ప్లాస్టిక్ బుట్ట ఒకటి మా కాళ్ళ దగ్గర ఉంటుంది. రాత్రి షాపు మూసేముందు వాటిని మళ్ళీ ఎక్కడివక్కడ సర్దుతాం. ఇదివరకు సగం కూడా నిండేది కాదు. ఇప్పుడు 8 గంటలకే ఒకసారి ఖాళీ చేస్తున్నాను. అందులో ఏమున్నాయో ఆయన రాసుకోవాలి.

నా పేరు, షాపు పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగిని